రేకులో ఖాళీ, తిరపమ్మ బారు

ఒకప్పుడు ఒక రేకు ఉండేది. దాని మందం మూడే అణువులు: నడుమ లోహం, పైనా కిందా గంధకం. అందులో అణువులు ఎక్కడా ఖాళీ లేకుండా కూర్చునేవి. ఎటు చూసినా ఒకేలా ఉండేది.

ఆ అణువుల మధ్య ఎలక్ట్రాన్లు తిరిగేవి. వేడెక్కితే ఎవరి దారి వాళ్ళది. చలి పడితే మాత్రం ఆచారం ప్రకారం బారులు తీరాలి. ఒక బారు ఒత్తుగా, పక్కది పలచగా, మళ్ళీ ఒత్తుగా. తొలి బారు పట్టే పెద్దరికం తిరపమ్మ అనే ఎలక్ట్రాన్‌ది.

తిరపమ్మకు ఒకటే దిగులు. కిందటి చలికి ఎక్కడ నిలబడిందో గుర్తుండేది కాదు. ఏ చోటు చూసినా అదే చోటనిపించేది.

ఒకసారి ఆమె వెతుక్కుంటూ ఉండగానే, ఆడపడుచు మంగాయి అటు చివర బారులు మొదలుపెట్టేసింది. తిరపమ్మ కూడా ఇటు ఏదో ఒక చోట నిలబడేసరికి రెండువైపుల బారులూ నడిమధ్య కలిశాయి. పలచగా ఉండాల్సిన చోట అందరూ ఒకరినొకరు తొక్కుకున్నారు.

"వదినా, నీకు మతిమరుపు వచ్చేసింది. ఇక తొలి బారు నాకిచ్చెయ్యి."

"వచ్చే చలికి కూడా మరిచిపోతే నువ్వే పట్టు," అంది తిరపమ్మ.

తరవాత వేడి మండిపోయింది. తాళలేక ఒక గంధకం అణువు చెప్పాపెట్టకుండా రేకులోంచి లేచిపోయింది.

"అయ్యో, రేకు చెడింది! పరువు పోయింది!" అని అణువులన్నీ ఏడ్చాయి.

తిరపమ్మ ఏడవలేదు. రేకు మొత్తంలో మిగతా చోట్లలా లేనిది అదొక్కటే. వెళ్ళి ఆ ఖాళీ అంచున నిలబడింది. పక్కవాళ్ళు నలుగురు ఆమెను ఆనుకుని నిలబడ్డారు.

"ఇంత వేడిలో బారేమిటి వదినా? నవ్విపోతారు."

"నవ్వనీ. కదిలితే మరిచిపోతాను."

చలి వచ్చేసరికి తిరపమ్మ సిద్ధంగా ఉంది. బారులన్నీ ఆమె దగ్గరనుంచే మొదలై చివరిదాకా సరిగ్గా సాగాయి. ఇదివరకు బయటినుంచి విద్యుత్తు కాస్త తోస్తేనే జారిపోయేవి, ఈసారి జారలేదు. పెద్దరికం ఆమెకే నిలిచింది.

మంగాయికి అది మింగుడుపడలేదు. అటు చివర ఒక అణువును పట్టుకుని, "నువ్వూ వెళ్ళిపోరాదూ?" అంది. అది వెళ్ళిపోయింది. మంగాయి ఆ ఖాళీ పక్కన తన బారు పట్టింది. నడిమధ్య మళ్ళీ తొక్కులాట. తిరపమ్మ కదలలేదు, మంగాయీ కదలలేదు.

అప్పటినుంచే అలాంటి పలచని రేకుల్లో వేడెక్కినా ఖాళీ చుట్టూ నాలుగు బారులు చెదరకుండా ఉంటాయి. చిన్న తోపుకు కదలవు. గట్టిగా తోస్తే ఒక్కసారిగా జారతాయి. ఖాళీలు ఎక్కువైతే మాత్రం ఎవరి బారు వాళ్ళదే.