వైదేహికి దొరికిన ఇల్లు

పడమటిపాలెం హైస్కూల్లో లెక్కలు చెప్పే వైదేహి, తనకు దక్కిందంతా తన తెలివి వల్లే దక్కిందని గట్టిగా నమ్ముతూ ఉండేది.

ఆమెకంటే పది రోజుల ముందే అదే బడికి సువార్త అనే తెలుగు టీచరు బదిలీ మీద వచ్చింది. ఆమెకు ఊళ్లో అద్దె ఇల్లు దొరకలేదు. ఏడో నెల కడుపుతో రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. ఆలస్యమైనప్పుడల్లా వైదేహి అందరి ముందూ అనేది: "నాకు ఒక్క పూటలో ఇల్లు దొరికింది. అడిగే తీరులో అడిగితే ఎవరివ్వరు? మనిషికి కాస్త కలుపుగోలుతనం ఉండాలి సువార్తా!"

సువార్త హాజరుపట్టీ తీసుకుని తరగతికి వెళ్లిపోయేది.

ఒకరోజు బస్సులో నిలబడి వచ్చి, కళ్లు తిరిగి తరగతి గుమ్మంలోనే పడిపోయింది. వైదేహి మంచినీళ్లు తాగించి, "సాయంత్రం నాతో రా. నేనడిగి ఇప్పిస్తాను" అంది.

బడి వెనక వీధిలో ఒక ఇంటికి టులెట్ బోర్డు ఉంది. యజమాని పానకాలరావు ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. వైదేహి ఇంటిపేరు అడిగి, "మనవాళ్లే!" అని మురిసిపోయాడు. గదులన్నీ చూపించి తాళంచెవి ఇవ్వబోయాడు.

"ఇల్లు నాక్కాదండీ, ఈవిడకి" అంది వైదేహి.

"నీ పేరేంటమ్మా?"

"సువార్త."

"మీవాళ్లు ఏ పేటలో ఉంటారు?"

సువార్త చెప్పింది. ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "మా బావమరిది వస్తానన్నాడు. మర్చేపోయాను."

వైదేహి మండిపడింది. "ఇప్పుడేగా ఇస్తానన్నారు! కడుపుతో ఉన్న మనిషిని గుమ్మంలోంచి పంపేస్తారా? సిగ్గు లేదూ?"

"మీకెందుకమ్మా ఆవేశం? మీకైతే ఈ క్షణమే ఇస్తాను."

వీధిలోకి వచ్చాక కూడా వైదేహి ఆయన్ని తిడుతూనే ఉంది. సువార్త ఆగిపోయింది.

"ఈయన ఒక్కణ్ణే అంటారేం టీచర్‌గారూ? మీరుంటున్న ఇల్లు మీకంటే ముందు నేనడిగాను. ఖాళీ లేదన్నారు. వారం తిరక్కుండా మీకిచ్చారు. కలుపుగోలుగానే అడిగానండీ! ఎలా అడగాలో మీరు నాకు నేర్పుతుంటే ఒళ్లు మండిపోయేది."

వైదేహికి అప్పుడు గుర్తొచ్చింది. తన ఇంటావిడ మొట్టమొదట అడిగింది కూడా ఇంటిపేరే. తను దర్జాగా చెప్పింది. ఇల్లు దొరికింది ఆ పేరుకే.

తిన్నగా ఇంటావిడ దగ్గరికి వెళ్లింది. "పక్క వాటా ఖాళీగానే ఉందిగా. సువార్తకివ్వండి."

"వాళ్లకెలా ఇస్తామమ్మా? నీకు తెలీదా?"

"అయితే మీ ఇల్లు నాకూ వద్దు."

ఇద్దరూ కలిసి ఊరంతా తిరిగారు. సువార్తతో కలిసి ఉంటానన్నాక వైదేహికీ ఎవరూ ఇల్లివ్వలేదు. చివరికి ఒక రిటైరైన నర్సు, ఏ పేటని అడక్కుండా, తన మేడమీది రెండు వాటాలూ ఇచ్చింది.

మర్నాడు స్టాఫ్‌రూములో వైదేహి లేచి నిలబడింది. "సువార్తకు అడగడం చేతకాదని మీ అందరి ముందే అన్నాను. అది తప్పు. నన్ను క్షమించు సువార్తా."

సువార్త నవ్వలేదు. "ఇంకెవర్నీ అలా అనకండి, చాలు" అంది.

నీతి: పుట్టుకతో దక్కిన సౌకర్యాన్ని సొంత గొప్పగా చెప్పుకోవడం తప్పు, అది దక్కనివాళ్లను చేతకానివాళ్లనడం అంతకంటే పెద్ద తప్పు.