చోడమ్మ రోటిబండ

ఇది అబద్ధమనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి, వీధి తలుపు తీసి, అరుగు మీద ఒంటరిగా కాసేపు కూర్చుని రండి. ఎవరూ లేవరా? అయితే ఊ కొట్టండి. నేనీ కథ చెబుతుంటే ఒకసారి సముద్రమే అల విరవడం మరిచిపోయి నిలబడిపోయింది, మీరెంత.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో పరదేశమ్మ అని ఒక కోడలు. ఎలాంటి కోడలనుకున్నారు? పదిమంది మగాళ్లు ఆపసోపాలు పడి లాగే పడవని ఒంటి చేత్తో ఒడ్డుకి లాగి, రెండో చేత్తో పులుసు కలిపేది. ఆవిడ మొగుడు కొర్లయ్య. వేటకెళితే చేపలే తోవ తప్పి ఆయన వలలోకి వచ్చేవి. అత్తగారు మసేనమ్మ. ఆవిడ గొంతెత్తితే నడిసముద్రంలో ఉన్న పడవలు వెనక్కి తిరిగేవి.

ఆ ఊళ్లో బావి లేదు. ఆడవాళ్లు ఇసకలో చెలమ తవ్వుకుని మంచినీళ్లు తోడుకోవాలి. ఆ ఇంట్లో ఆ పని పరదేశమ్మది. చైత్రంలో నడుం లోతు తవ్వితేగాని నీళ్లు కనబడవు. కార్తీకంలో మోచేతి లోతుకే ఉబికి వస్తాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

చైత్ర పున్నమి వచ్చింది. సముద్రం అంత వెనక్కి వెళ్లే రోజు ఏడాది మొత్తం మీద ఇంకోటి లేదు. పొద్దు నడినెత్తి దాటి వాలేసరికి అడుగున దాగిన రాళ్లన్నీ వీపులు బయటపెట్టాయి. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని ఆల్చిప్పలు ఏరుకోవడానికి దిగారు. అన్నిటికంటే దూరాన ఒక బండ, దాని నడుమ రోలంత గుంట. పూర్వమెప్పుడో చోడమ్మ అనే ఆవిడ అక్కడే నీళ్లపాలైంది. ఆ రోట్లోది ఎవరూ ముట్టుకోకూడదు. కానీ పరదేశమ్మ బుట్ట సగమే నిండింది. కిందటేడు సగం బుట్టతో ఇంటికెళితే, ఒడ్డున తిరిగే పిల్లి కూడా ఇంతకంటే ఎక్కువ ఏరుకొస్తుందని మసేనమ్మ ఊరంతా వినేలా దెప్పింది. అది తలుచుకుని పరదేశమ్మ రోట్లో చెయ్యి పెట్టింది.

గాలి ఆగింది. కాకి అరుపు సగంలో ఆగింది. బండ మీద రోలు, రోట్లో చిప్ప, చిప్ప మీద చెయ్యి, ఆ చేతి మీద ఇంకో చెయ్యి. చల్లగా, జిగటగా, గోళ్లకి నాచు పట్టిన చెయ్యి. ఊ కొడుతున్నారా? కాస్త గట్టిగా కొట్టండి, నాకూ ధైర్యంగా ఉంటుంది.

చోడమ్మ గొంతు రాతిలోంచి వచ్చింది. నా రోట్లోది తీశావు గనక, సముద్రం మీంచి నీ ఇంటికి తిరిగొచ్చేవాణ్ణి నాకియ్యమంది. పరదేశమ్మ ఏడ్చింది, బతిమాలింది, ఏరినవన్నీ తిరిగి రోట్లో పోసేసింది. చెయ్యి వదల్లేదు. ఇంతలో పోటు తిరిగింది. నీళ్లు చీలమండ దాకా వచ్చాయి, మోకాలి దాకా వచ్చాయి. అప్పుడు ఆవిడకి చెలమ గుర్తొచ్చింది. వాన చుక్క పడని కరువేడు కూడా కార్తీకంలో చెలమ ఉబికింది. వాన కాకపోతే ఇసక కింద నీళ్లని ఎత్తేది ఎవరు? ఆ కాలానికి సముద్రమే పైకెక్కుతోందా?

అవునో కాదో తెలీదు. అయినా మొగుడి ప్రాణం మీద పందెం కాసింది.

"కార్తీక పున్నమికి నా మొగుణ్ణి తెచ్చి ఈ బండ మీద నిలబెడతాను అవ్వా. కానీ కాలు తడవకుండా నడిచొచ్చేలా బండని నువ్వు బయటపెట్టాలి. పెట్టలేకపోతే మా ఊరి మగాళ్ల జోలికి రాకూడదు."

చోడమ్మ నవ్వింది. నీళ్లడుగున ఉండేదానికి కాలం సంగతి ఏం తెలుస్తుంది? పైకి చూస్తే చందమామ ఒక్కడే కనబడతాడు. ఏ పున్నమైనా నీళ్లు ఇంతే వెనక్కి తీస్తాయనుకుని, సరేనని చెయ్యి వదిలింది.

పరదేశమ్మ ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పేసింది. ఆ రోజు నుంచి మసేనమ్మ నోరు మూతపడింది. పరదేశమ్మ ప్రతి పున్నమికీ చెలమ తవ్వి చూసేది. జ్యేష్ఠంలో తొడ లోతుకి నీళ్లు, అడుగున ఎక్కడో రోలు రుబ్బుతున్న చప్పుడు. శ్రావణంలో మోకాలి లోతుకి నీళ్లు, చప్పుడు ఇంకాస్త పైకి. ఆశ్వయుజంలో మోచేతి లోతుకి నీళ్లు, చప్పుడు వాళ్లు పడుకునే చాప కిందికే. తెల్లారి చూస్తే కొర్లయ్య చుట్టూ తడి అడుగులు. అన్నీ లోపలికొచ్చినవే, బయటికి వెళ్లినది ఒక్కటీ లేదు. మసేనమ్మ పొడి ఇసక తెచ్చి వాటి మీద పోసేది.

కార్తీక పున్నమి మధ్యాహ్నం ముగ్గురూ ఒడ్డున నిలబడ్డారు. సముద్రం తీయడం మొదలుపెట్టింది. తీసింది, తీసింది, ఇంకా తీసింది. కొర్లయ్య కాళ్లు వాటంతట అవే ముందుకి పోతున్నాయి. ఒక చెయ్యి తల్లి, ఒక చెయ్యి పెళ్లాం పట్టుకుని మడమలు ఇసకలో దింపేశారు. ఏనుగుల మంద వచ్చి లాగినా కదిలేవాళ్లు కాదు. నీళ్లడుగున బండ వీపు నల్లగా కనబడింది. ఇంకో మూర దిగితే బయటపడుతుంది. నీళ్లు అక్కడే ఆగాయి. ఆగి, మెల్లగా ఒడ్డు వైపు తిరిగాయి.

నీళ్లలోంచి గొంతు వచ్చింది. "ఇవాళ పున్నమే కదే పిల్లా?"

"పున్నమే అవ్వా. చందమామ లాగేది అంతే లాగాడు. చైత్రంలో సముద్రం కింది మెట్టు మీంచి దిగింది, ఇప్పుడు పై మెట్టు మీంచి దిగింది. కాలం వేరు."

తరవాత అడుగున ఎవరో ముసలావిడ ఏడ్చినట్టు నీళ్లు గుడగుడలాడాయి. పరదేశమ్మకి జాలేసింది. ఏటా చైత్ర పున్నమికి ఏరిన మొదటి దోసెడు చిప్పలు నీ రోట్లోనే పోస్తానని మాటిచ్చింది. మర్నాడు తెల్లారి చూస్తే చాప పక్కన తడి అడుగులు, ఈసారి బయటికి వెళ్లినవి.

కొర్లయ్య ముసలివాడయ్యేదాకా వేటకెళ్లొచ్చాడు. మసేనమ్మ నోరు మళ్లీ తెరుచుకుంది గానీ, కోడలి బుట్ట వైపు మాత్రం చూడలేదు. కాబట్టి అమ్మలూ, చందమామని చూసి మాటిచ్చేముందు ఏ నెలో కూడా చూసుకోండి. కథ అలల్లోకి, మనం కలల్లోకి.

ఏంటి, సాక్షి కావాలా? ఉంది. వచ్చే చైత్ర పున్నమికి నీళ్లు బాగా తీశాక ఆ బండ దాకా వెళ్లి, రోట్లో చెయ్యి పెట్టి అడగండి. పేరు చోడమ్మ.