మేసే ప్లవకాలు పగలు లోతుకెందుకు దిగుతాయి?

ఒకప్పుడు సముద్రంలో ప్లవకాలన్నీ పగలూ రాత్రీ పైనీళ్లలోనే ఉండేవి. ప్లవకాలంటే తెలుసుగా? నీళ్లు ఎటు తోస్తే అటు పోయే బుల్లి ప్రాణులు. వాటిలో పచ్చవి ఎండలో తమ తిండి తామే వండుకుంటాయి. మిగతావి ఆ పచ్చవాటిని మేస్తాయి.

మేసేవాటిలో మీసాలమ్మ ఒకతి. ఒళ్లు ఆవగింజంత, మీసాలు మాత్రం బారెడు!

ఒక ఏడాది సముద్రం వేడెక్కింది. పచ్చమేత తగ్గింది. మీసాలమ్మ పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

సముద్రం ఎలా ఉందో చూడటానికి నూకరత్నం అనే శాస్త్రవేత్త రోజూ మధ్యాహ్నం పడవలో వచ్చేది. పడవ నడిపేది ఆవిడ మేనమామ పోలిరాజు. సన్నగుడ్డతో కుట్టిన గరాటులాంటి వలను పైనీళ్లలో లాగేవారు. వల కొసన సీసా. అందులో పడ్డవాటిని భూతద్దం కింద లెక్కపెట్టి, తిరిగి వదిలేసేది.

ఒకనాడు ఆవిడ, "అబ్బ, ఏం మీసాలు మామయ్యా!" అంది.

అంతే! మీసాలమ్మ ఉబ్బిపోయి మర్నాడు మళ్లీ వలలో దూరింది. అది చూసి మెప్పు కోసం మిగతావీ ఎగబడ్డాయి. వదిలినవే మళ్లీ వచ్చి పడుతుంటే, లెక్క ఏ రోజూ రెండువందలకు తగ్గలేదు!

"సముద్రం నిక్షేపంగా ఉంది మామయ్యా," అని రాసుకుంది నూకరత్నం.

పోలిరాజు నీళ్లలో చెయ్యి పెట్టి, "నిక్షేపమా? ఈ నీళ్లతో తలంటుకోవచ్చే అమ్మాయ్!" అన్నాడు.

సీసాలోంచి మీసాలమ్మ ఆ మాటలు వింది. అంతా బాగుందని రాస్తే, ఈ వేడి సంగతి ఎవరు పట్టించుకుంటారు? పిల్లల మేతో?

"రేపు ఒక్కరూ పైనుండొద్దు. చల్లని లోతుకు పదండి!" అంది.

"నా కాళ్లనింకా ఆవిడ మెచ్చుకోలేదక్కా!" అంది ఒకటి.

"పిల్లలు మాడుతుంటే నీ కాళ్ల గోలేంటే!" అని మీసంతో ఈడ్చుకుపోయింది.

మర్నాడు వల ఖాళీ! నూకరత్నం కంగారుగా తాడుకి థర్మామీటరు కట్టి దింపింది. పైన వేడి, కింద చల్లన. వలను ఆ లోతుకు దింపితే సీసా నిండింది. ఈసారి మీసాల వంక చూడనైనా లేదు. పాత లెక్క కొట్టేసి, "సముద్రానికి జ్వరం. నేను పైపైనే వెతికాను," అని రాసింది. నలుగురికీ చెప్పాలని పడవను గబగబా ఒడ్డుకు తిప్పించింది.

"మేత పైనే కదా, ఎలాగక్కా?" అన్నాయి మిగతావి.

"పొద్దు వాలాక వెళ్దాం. పగలొద్దు. ఆవిడ మళ్లీ మెచ్చుకుందంటే నాకే ముందు మతి పోతుంది!" అంది మీసాలమ్మ.

అప్పటినుంచే మేసే ప్లవకాలు పొద్దెక్కగానే లోతుకు దిగి, పొద్దు వాలాక పైకొస్తున్నాయి. పాపం, శాస్త్రవేత్తల వలకూ వాటి వెంట కిందికీ పైకీ తిరగడమే పనైంది.