ఈకల అంగీ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకో ముక్కు. ఆ ముక్కు మీదే ఆయన కోపం. పేరు చండవర్మ. పెట్టినవారికి ముందే తెలుసేమో!

ఒకనాడు ఆయనకు బట్టల మీద మోజు పుట్టింది. "ఎవరూ తొడగని అంగీ కావాలి. దానికి ప్రాణం ఉండాలి. నన్ను మెప్పిస్తే ఆస్థానంలో చోటు. లేకుంటే దేశం విడిచి పోవాలి" అని చాటింపు వేయించాడు.

పేరున్న దర్జీలందరికీ ఆ రోజే జ్వరాలు వచ్చాయి. సాలెవీధి నుంచి కువలయ అనే అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఓడితే పుట్టిన వీధీ, తాతలనాటి మగ్గమూ వదులుకోవాలని ఆమెకు తెలుసు. అయినా అదురూ బెదురూ లేదు.

భుజాలు కొలవలేదు, నడుము కొలవలేదు. రాజు ఛాతీకి దారం చుట్టి, "ఊపిరి తీయండి ప్రభూ" అంది.

"ఊపిరికి కొలతేమిటమ్మాయీ?" అని రాజు నవ్వాడు.

"ప్రాణం ఉండేది అందులోనే కదా ప్రభూ!"

అంగీ తయారైంది. మెత్తని నూలుబట్ట. భుజాల మీద నెమలి ఈకలు, వాటి కింద వెదురు బద్దలు, బద్దల నుంచి ఛాతీ చుట్టూ సన్నని తీగ. ఊపిరి నెమ్మదిగా ఉంటే ఈకలు వాలి ఉంటాయి. కోపంతో రొప్పితే నిక్కబొడుచుకుంటాయి. రాజు మురిసిపోయి అద్దం ముందు నుంచి కదల్లేదు.

మొదట వంటవాడు పులుసులో ఉప్పు మరిచాడు. ఈకలు లేచాయి. రాజు నోరు తెరవకముందే వాడు గరిటె వదిలి పరుగు తీశాడు.

తరువాత పొరుగు రాజు దూత వచ్చి సరిహద్దు మాట ఎత్తాడు. ఈకలు మళ్ళీ లేచాయి. దూత మీసాల చాటున నవ్వుకున్నాడు. అది సభంతా చూసింది.

"ఇది అంగీ కాదు మహారాజా, చాడీకోరు! మీ గుట్టు రట్టు చేస్తోంది" అన్నాడు మంత్రి.

రాజు కువలయను పిలిపించాడు. ఈకలన్నీ ముళ్ళపంది ముళ్ళలా నిలబడ్డాయి. "నన్ను నవ్వులపాలు చేస్తావా? ఇప్పుడే నిన్ను దేశం నుంచి..."

"శిక్ష వేయండి ప్రభూ, తప్పక పోతాను" అంది కువలయ, తల వంచకుండా. "ఒక్క మనవి. ఈకలు దించుకుని వేయండి. కోపం నేను కుట్టలేదు. అంగీ చూపించిందంతే."

రాజు ఈకలను చేత్తో నొక్కాడు. అవి వాలలేదు. ఇక దారి లేక కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీశాడు, వదిలాడు. ఈకలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అన్నీ వాలేసరికి, ఆమెకు శిక్ష ఎందుకు వేయాలో ఆయనకు తోచలేదు.

సిగ్గుపడ్డాడు. పాపం, రాజులకూ సిగ్గు ఉంటుంది. "నీ చోటు ఇక్కడే తల్లీ" అన్నాడు. ఆనాటి నుంచి ఆ అంగీ తొడుక్కోకుండా ఒక్క తీర్పూ చెప్పలేదు. వంటవాడు కూడా తిరిగి వచ్చాడు. ఉప్పు మాత్రం అప్పుడప్పుడూ మరుస్తూనే ఉన్నాడు.

పొగిడే పట్టుబట్ట కన్నా, ఉన్నమాట చెప్పే నూలుబట్ట మేలు.