మసి పూసే ముందు

ఆ రోజు వారిజకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

తాను చేసిన టగ్గు నమూనా బల్ల మీద ఉంది. రేవులో పెద్ద ఓడలను లాక్కెళ్ళే పడవకు జానెడు రూపం అది. ముక్కుకు రెండు పక్కలా ‘రత్నగర్భ’ అని తెల్లటి పేరు. నీళ్ళలో నానబెడితే కాగితం మీంచి జారి వచ్చే పలచని డెకాల్ అది. బియ్యపు గింజంత అక్షరాలు. అంటించిన అంచు ఎక్కడా కనబడదు, కుంచెతో రాసినట్టే ఉంది. ఆ అక్షరాలు గీసింది వారిజే. అచ్చు వేయించినది ఆ ఒక్క జతే. పాడైతే మళ్ళీ వేయించేంత వ్యవధి లేదు.

కాకినాడలో వారిజ పని నేర్చుకునే దావీదు మాస్టారి షెడ్డు నుంచి ప్రదర్శనకు వెళ్ళే నమూనాలన్నీ ఆయన పేరు మీదే వెళతాయి. ఈసారి మాత్రం ఆయన, “పని పూర్తి చెయ్యి. దాని పక్కన నీ పేరే పెడదాం” అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ అమ్మాయికి అన్నం సయించడం లేదు.

ఆ షెడ్డులో పని పూర్తి కావడమంటే పడవకు మసి పట్టడమే. నల్లరంగును టర్పెంటైనులో పలచగా కలిపి ఒళ్ళంతా పూసి తుడవాలి. సందుల్లో మిగిలిన మురికితో అది ఏళ్ళ తరబడి సముద్రంలో తిరిగినట్టు కనిపిస్తుంది. ఉప్పునీళ్ళు ఎరగని పడవను మాస్టారు బొమ్మ అంటారు. ఆయన నోట ఆ మాట పడిందంటే ఇక తలెత్తుకోవడం కష్టం.

మాస్టారు టగ్గును చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి తిప్పారు.

“పేరు మీద వార్నిష్ కొట్టలేదేం?”

“అక్కర్లేదండి మాస్టారూ. అక్షరాలు చూడండి, ఎంత బాగా కూర్చున్నాయో! పైన వార్నిష్ కొడితే గాజుల కొట్టులా మెరుస్తుందండి. అయినా టర్పెంటైనుకి ఊడకుండా ఆ కాపలా, సరిగ్గా అంటించడం రానివాళ్ళకి కదండీ!”

మాస్టారు లోపలికెళ్ళి తన లాంచీ నమూనాను తెచ్చారు. అదే ప్రదర్శనకని ఆయన ఏడాదిగా చేస్తున్నది. వార్నిష్ ఆరి నిగనిగలాడుతోంది. గిన్నెలో మసి కలిపి, కుంచె వారిజ చేతికిచ్చారు.

“పూయి.”

“మీ లాంచీ మీదాండీ?”

“ఊఁ. పేరు మీద కూడా.”

వారిజ గట్టిగానే పూసింది. మాస్టారి పని మీద చెయ్యి వేసే అదృష్టం మళ్ళీ ఎప్పుడొస్తుంది మరి! పేరు మొత్తం మసిలో మునిగిపోయింది. ఆయన తీరిగ్గా టీ తాగి, గుడ్డ అందించారు. తుడిచింది. రేకుల అతుకుల్లో మసి మిగిలింది. పేరు మాత్రం కడిగిన ముత్యంలా బయటికొచ్చింది.

అప్పుడాయన కుంచెను అదే గిన్నెలో ముంచి రత్నగర్భ దగ్గరికి తెచ్చారు.

వారిజ చటుక్కున పేరు మీద చెయ్యి కప్పింది.

“ఆగండి మాస్టారూ! ఊడొస్తుందేమోనండి!”

“నా లాంచీకి చెయ్యి అడ్డం పెట్టలేదేం?”

వారిజ చెయ్యి తియ్యలేదు. మాస్టారు కుంచె పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయారు.

ముందు ఏడుపొచ్చింది. తర్వాత తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపంతోనే వార్నిష్ తీసింది. ఒక్కసారే దట్టంగా కొడితే డెకాల్ ముడతలు పడుతుంది కాబట్టి పలచగా ఒక పొర కొట్టి, అది ఆరాక ఇంకో పొర కొట్టింది. టగ్గు నిజంగానే గాజుల కొట్టులా మెరిసింది. మెరవనీ అనుకుంది. మసి పని అయ్యాక ఆ మెరుపు చంపే వార్నిష్ వేరే ఉందని ఆమెకు తెలియనిదా?

అది బాగా ఆరేదాకా ముట్టుకోలేదు. మర్నాడు మసి తనే కలిపింది, మాస్టారు కలిపినదానికంటే చిక్కగా. షెడ్డులో వాళ్ళంతా చుట్టూ మూగారు. “అయ్యో, పేరు పోయిందే!” అన్నారెవరో. వారిజ తలెత్తి కూడా చూడలేదు. పూయాల్సినంతా పూసి, ఆగి, తుడిచింది. చివరగా మెరుపు చంపింది.

అక్షరాల్లో ఒక్క గీతైనా చెదరలేదు. టగ్గు అప్పుడే ఓ ఓడను రేవులోకి లాగి వచ్చి, అలసట తీర్చుకుంటున్నట్టుంది.

షెడ్డులో ప్రదర్శనకు వెళ్ళే నమూనాలు పెట్టే బల్ల మీద లాంచీ వెనక దాన్ని పెట్టి, వారిజ మాస్టారి వైపు తిరిగింది. ఒళ్ళంతా మసి. మొహం వెలిగిపోతోంది.

“ఇంకా పూయమంటారా అండీ?”

మాస్టారు వంగి, టగ్గు మీది పేరును దగ్గరగా చూశారు.

“నా లాంచీ అడ్డమొస్తోంది. కాస్త వెనక్కి జరుపమ్మా.”