తేనెపెట్టెకు కొట్టిన సెంటు

ఢిల్లేశ్వరరావు దగ్గర ఉన్నవి నాలుగు సెంటు డబ్బాలు. ఒక్కోదాని మీద నలభై ఎనిమిది గంటలు తాజాగా ఉంచుతుందని రాసి ఉంది. నాలుగూ కలిపితే నూట తొంభై రెండు గంటలు, అంటే ఎనిమిది పగళ్లూ ఎనిమిది రాత్రులూ. ఈ లెక్కన అన్నీ ఒకేసారి పట్టిస్తే వారం గడిచి ఇంకో రోజు మిగలాలి. కానీ పొద్దున కొట్టుకున్న సెంటు భోజనాల వేళకే ఎగిరిపోయేది. అతను జీడిచెట్ల చాటుకు వెళ్లి మళ్లీ కొట్టుకునేవాడు. సాయంత్రానికి చెమటా సెంటూ కలిసి, రెండూ కాని మూడో వాసన ఒకటి పుట్టేది. అది తన ముక్కుకే తెలుస్తుంటే ఎదుటివాళ్లకు ఇంకెంత తెలుస్తోందోనని అతనికి గుండె దడ.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆ డబ్బాలు సంచిలో వేసుకుని తవిటినాయుడు మాస్టారి ముందు నిలబడ్డాడు. మాస్టారు ఉద్దానంలో జీడితోటల మధ్య తేనెటీగలు పెంచుతారు, పెంచడం నేర్పుతారు. ఆయనకు ఒక అలవాటు ఉంది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పరు. "పద, పెట్టె తెరుద్దాం" అంటారు. అడిగినవాడే ఈగలను శాంతపరిచే పొగడబ్బా మోయాలి. కొందరికి పెట్టె మూసేలోగా జవాబు దొరికేది. కొందరికి ఈగ కుట్టేది.

"మాస్టారూ, వీటిలో ఏది కొట్టుకుంటే నా ఒంటి వాసన ఎవరికీ తెలియకుండా పోతుంది?"

"వాసనొస్తోందని నీకెవరు చెప్పేరు?"

ఎవరూ చెప్పలేదు. అసలు భయం అక్కడే ఉంది. ఓసారి ఆటోలో పక్కన కూర్చున్న అమ్మాయి చున్నీ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అప్పుడు రోడ్డు మీద దుమ్ము లేచిందా లేదా అన్నది ఎంత ఆలోచించినా అతనికి గుర్తు రాలేదు. ఆ తర్వాతే మొదటి డబ్బా కొన్నాడు. ఇంకోరోజు తోటి శిష్యుడు అసిరయ్య అందరి ముందూ, "ఒరే ఢిల్లీ, నీకంటే ముందు నీ సెంటొచ్చి బెంచీ మీద కూకుంటాది. ఇంక మాకు సోటేదిరా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఢిల్లీ కూడా నవ్వాడు. ఆనాటి నుంచి మోచేతులు పక్కటెముకలకు అంటించి పనిచేయడం మొదలుపెట్టాడు. అలా చేతులు ముడుచుకుని పెట్టెలోని తేనెపట్టు ఫ్రేము తీయబోయి, ఈగలతో సహా జారవిడిచాడు కూడా.

గురువారం పొద్దున మహిళా సంఘం వాళ్లు నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్లకు పెట్టె తెరిచి చూపించే పని మాస్టారు అతనికి ఒప్పజెప్పారు. అది సరిగా చేస్తే, ఇకమీద ఊరూరా తిరిగి నేర్పే పని అతనిదే. ఆ పని మీద ఆశతోనే ఢిల్లీ ఇన్నాళ్లూ ఈగలచేత కుట్టించుకున్నాడు. అయితే ఆ పనిలో తప్పించుకోలేనిది ఒకటుంది. రాణి ఈగ పెట్టిన గుడ్లు చూపించాలంటే, ఎండకు వీపు పెట్టి, ఫ్రేమును భుజాల పైకి ఎత్తి కాస్త వంచాలి. అప్పుడే వెలుగు మైనపు అరల అడుగు దాకా దిగుతుంది. చూసేవాళ్లు మెడలు చాచి, ఎత్తిన చేతుల కిందకే వస్తారు.

"దీనికి దారి లేదంటే గురువారం నేను రాను మాస్టారూ. ఆ తర్వాత కూడా రాను. మా మావయ్య వైజాగ్‌లో గోడౌను పని ఉందన్నాడు. అక్కడైతే ఒక్కడినే ఉండొచ్చు."

మాస్టారు అతని ముఖంలోకి చూశారు. అది బెదిరింపు కాదనీ, నిజంగానే వెళ్లిపోతాడనీ ఆయనకు అర్థమైంది.

"సరే. పొగడబ్బా పట్టుకో. పద, పెట్టె తెరుద్దాం."

తోట చివరి వరసలో రెండు పెట్టెలున్నాయి. ఒకదానిలో రాణి చనిపోయింది. రాణి లేని పెట్టె ఎన్నాళ్లో నిలవదు కనక దాన్ని పక్క పెట్టెతో కలపాలి. ఊరికే కలిపితే ఈగలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఏ పెట్టె వాసన ఆ పెట్టెది. గుమ్మం దగ్గర కాపలా ఈగ వచ్చిన ప్రతి ఈగనూ వాసన చూసి, ఇంటిదైతే లోపలికి వదులుతుంది, పరాయిదైతే పట్టుకుంటుంది. అందుకని తేనెటీగలవాళ్లు రాణి ఉన్న పెట్టె మీద ఒక పాత పేపరు పరిచి, సూదితో నాలుగు బెజ్జాలు పొడిచి, దాని మీద రెండో పెట్టె పెడతారు. పైవీ కిందవీ ఆ కాగితాన్ని కొద్దికొద్దిగా కొరుకుతాయి. కాగితం చిరిగేసరికి రెండు వాసనలూ ఒకటవుతాయి. మాస్టారు ఇదంతా చెప్పి, పేపరు చేతికిచ్చి, "పొద్దు వాలుతుండగా కలుపు. గురువారం వాళ్లకి చూపించేది ఈ పెట్టే" అని నీళ్ల మోటారు వైపు వెళ్లారు.

ఢిల్లీ లెక్కల్లో చురుకైనవాడు. కాగితం కొరకడానికి ఎంత తక్కువ అనుకున్నా రెండు రోజులు, ఒక్కోసారి మూడు. మూడు పడితే గురువారం సాయంత్రం అవుతుంది. సంఘం వాళ్లు వచ్చేది పొద్దున. అందరి ముందూ మూత తీస్తే సగం కొరికిన కాగితం కనబడుతుంది. లెక్కలో తప్పు లేదు. ఆ తర్వాత వచ్చిన ఆలోచన మాత్రం చాలాకాలంగా అతని ఒంటిమీద తిరుగుతున్నదే. గొడవంతా వాసన వల్లనే అయితే, రెండింటికీ ఒకే వాసన పట్టిస్తే గొడవే ఉండదు. సంచిలోంచి అన్నిటికంటే ఘాటైన డబ్బా తీశాడు. రెండు పెట్టెల మూతలూ ఎత్తి ఫ్రేముల మీద కొట్టాడు, గుమ్మాల మీద కొట్టాడు. అలవాటుగా తన చంకల్లో కూడా ఇంకోసారి కొట్టుకున్నాడు. డబ్బా సంచిలో పడేసి, పేపరు మడిచి ప్యాంటు జేబులో పెట్టుకుని, ఒక పెట్టె మీద ఇంకో పెట్టె ఎక్కించాడు.

ముందు అంతా సద్దుమణిగింది. లోపలి హోరు తగ్గిపోయింది. పని జరిగిందని అతను నవ్వుకున్నాడు కూడా. అంతలో ఆ నిశ్శబ్దం మరీ ఎక్కువగా అనిపించింది. వంగి పెట్టెకు చెవి ఆనించాడు. లోపల్నుంచి సన్నగా, గొంతు నొక్కినట్టున్న ఒక కీచు వినబడింది. తర్వాత పెట్టె మొత్తం ఒక్కసారిగా లేచినట్టు హోరెత్తింది.

తోటలోంచి కాళ్లకు పుప్పొడి అంటించుకుని ఇంటికొస్తున్న ఈగలు గుమ్మం మీద వాలుతున్నాయి. కాపలా ఈగలు వాటి మీద పడి రెక్కలు పట్టి లాగుతున్నాయి. అవి ఆ పెట్టెలోనే పుట్టిన ఈగలు. పొద్దున ఆ గుమ్మంలోంచే బయలుదేరినవి. జంటలు జంటలుగా చుట్టుకుని, గుమ్మం పలక మీద నుంచి దొర్లి, మట్టిలో పడి ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. పక్క వరసలోని పెట్టెల ఈగలు మాత్రం దర్జాగా లోపలికి వెళ్లి తేనె మోసుకుపోతున్నాయి. వాటిని అడ్డుకునే ఈగ లేదు. ఢిల్లీ మూత పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. అప్పుడొక ఈగ అతని చంక మీద వాలింది. దాని వెనక ఇంకొకటి. ముఖానికి వల ఉంది, చేతులకు తొడుగులున్నాయి. వచ్చినవి వచ్చినట్టు చొక్కా గుడ్డలోంచి చంకల్లోనే గుచ్చుతున్నాయి. అతను కేకపెట్టి పరిగెత్తాడు.

"పరిగెట్టకు! ఇటు, కొమ్మల్లోకి రా!" మాస్టారి గొంతు.

మాస్టారు అతన్ని నేలకు వాలిన జీడికొమ్మల్లోకి లాగి, చొక్కా ఊడదీసి దూరంగా విసిరేశారు. ఈగలు చాలా మటుకు ఆ చొక్కా వెంట పోయాయి. గోటితో ముళ్లు గీకి తీశారు. "ఊపిరి ఆడుతోందా? నాలిక మందమైందా? కళ్లు తిరుగుతున్నాయా?" అని మళ్లీ మళ్లీ అడిగారు. కాసేపటికి భయం లేదని తేల్చుకుని, మోటారు దగ్గర కూర్చోబెట్టి నీళ్లు గుమ్మరించారు. ఒంటి సబ్బు చేతికిచ్చారు. "ఆ సెంటు పోయేదాకా రుద్దుకో. లేదంటే మళ్లీ నిన్నే వెతుక్కుంటాయి."

తర్వాత మాస్టారు పెట్టెలు విడదీశారు. కింది పెట్టెలో ఒక మూల నిమ్మకాయంత ముద్ద కదులుతోంది. ఈగల ముద్ద. మధ్యలో రాణి ఉంది. దానికి అంటిన కొత్త వాసన వాటికి పరాయిది. చుట్టుముట్టి, ఒంటి వేడితో ఉడికించి చంపుతున్నాయి. మాస్టారు ఆ ముద్దను వట్టి చేత్తో తీసి నీళ్ల గిన్నెలో వేశారు. ఈగలు విడివడ్డాయి. అడుగున, తడిసిన గింజలా, రాణి. ఒక రెక్క అంచు చిరిగిపోయింది. అరచేతిలో పెట్టుకుని నోటి ఆవిరి తగిలించారు. చాలాసేపటికి ఒక కాలు కదిలింది. దాన్ని బెజ్జాలు పొడిచిన అగ్గిపెట్టెలో పెట్టారు.

ఢిల్లీ తడి ఒంటితోనే దగ్గరకు వచ్చాడు. "బతుకుతుందా మాస్టారూ?"

"తెలీదు. బతికినా ఇవి ఒప్పుకోవాలి కదా. రేపు సాయంత్రం వదిలిపెడదాం. గురువారం కొత్త గుడ్లుంటే ఉన్నట్టు."

"సొంతవాటినే ఎందుకు చంపుకున్నాయి?"

"ఇంటిదేదో తెలియడానికి ఈగకున్నది వాసనొక్కటే. నువ్వది పోగొట్టేవు."

చచ్చిన ఈగలను చీమలు అప్పటికే మోసుకుపోతున్నాయి. ఢిల్లీ తల వంచుకునే అడిగాడు: "నిజం చెప్పండి. నా దగ్గర వాసనొస్తుందా?"

మాస్టారు లేచి వెళ్లి, విసిరేసిన చొక్కా దులిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ముఖం చిట్లించారు. "దీనికొస్తోంది. ఉతికి ఎన్నాళ్లయింది?"

"సెంటు కొడుతున్నాను కదా అని..."

"ఊఁ." దగ్గరకు వచ్చి అతన్ని కూడా వాసన చూశారు. "ఇప్పుడు సబ్బు వాసనొస్తోంది. ఎండలో పనిచేస్తే చెమట వాసనొస్తుంది. తేనెటీగ చూడు, గూట్లో పురుగు చచ్చినా, పిల్ల కుళ్లినా బయటకి ఈడ్చేస్తుంది. పైన పువ్వు కప్పదు."

సంచిలోని డబ్బాలు ఒక్కొక్కటీ తీసి మూత వాసన చూశారు. మూడు పక్కన పెట్టారు. నాలుగోది చంకలో రాసుకునే రకం. సువాసన లేదని తెలిశాక, పొరపాటున కొన్నాననుకుని ఢిల్లీ దాని సీలు కూడా తీయలేదు. మాస్టారు అది అతని చేతికిచ్చారు. "ఇది చెమట తగ్గించేది. రాత్రి ఒళ్లు బాగా ఆరినాక కాస్త రాసుకో. ఈగలు కుట్టిన చోట్లు మానేదాకా వద్దు. మండినా, దద్దురొచ్చినా మానెయ్, తడిపిన పటిక ముక్క చాలు. ఏం రాసుకున్నా ముందు స్నానం, ఉతికిన బట్ట. అదంతా చేసినా మనుషులు నిలబడలేనంత వాసనొస్తే డాక్టరుకి చూపించు. సిగ్గు పడాల్సిందేం లేదు." ఆయన ఒక ప్రశ్నకు అన్ని మాటలు చెప్పడం శిష్యులెవరూ అంతకుముందు వినలేదు. చెప్పడం అయ్యాక ఢిల్లీ జేబులోంచి తడిసిన పేపరు లాగి, పిండి, ఆరేశారు.

మంగళవారం సాయంత్రం పెట్టెలను పద్ధతి ప్రకారం కాగితం పెట్టి కలిపారు. కింది పెట్టెలోకి అగ్గిపెట్టె జరిపి రాణిని వదిలారు. బుధవారం పెట్టె ముట్టుకోవద్దని మాస్టారు చెప్పారు. ఢిల్లీ ముట్టుకోలేదు కానీ, గుమ్మం ముందు రాలిన ప్రతి ఈగ దగ్గరా వంగి, అది రాణేమోనని చూశాడు. అతని చంకలు వాచి ఉన్నాయి. పటిక తప్ప ఏమీ రాయలేదు. గోడౌను మావయ్యకు ఫోను చేయాలని నంబరు తీసి, మళ్లీ మూసేశాడు.

గురువారం సంఘం ఆడవాళ్లు వచ్చారు. జీడిగింజలు కాల్చే పనిలోంచి నేరుగా వచ్చారేమో, చీరల నిండా పొగ. చుట్టూ గుమిగూడారు. ఢిల్లీ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పొద్దున నీళ్లు పోసుకున్నాడు. అయినా మూత తీసేసరికే వీపు తడిసింది. పై పెట్టె దించితే సగం కొరికిన కాగితం అలాగే ఉంది. దాన్ని తొలగించి కింది పెట్టె మధ్య ఫ్రేము బయటకు తీశాడు. ఈగలు దాని మీద మందంగా కదులుతున్నాయి. ఆనాడు పెట్టిన గుడ్డు అర లోపల, అడుగున నిటారుగా నిలబడి ఉంటుంది, పాతది పక్కకు వాలి ఉంటుంది. నిటారు గుడ్డు ఒక్కటి కనబడినా రాణి బతికి ఉన్నట్టే. అతను ఫ్రేమును పొట్ట దగ్గరే పట్టుకుని, మోచేతులు ఒంటికి అంటించి, నీడలో ఉన్న అరల్లోకి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

"ఏటి బాబూ, ఆ పలకని బొడ్డుకాడ దాసేసుకున్నావు? మాకేటి కనిపిత్తాది?" అంది ముందున్న పోలమ్మ. ఆడవాళ్లు నవ్వారు. పోలమ్మ ఇంకో అడుగు దగ్గరకు జరిగింది.

చంకలోంచి ఒక చెమట ధార పక్కటెముకల మీదుగా నడుం దాకా జారడం అతనికి తెలిసింది. వెనక నిలబడ్డ మాస్టారి వైపు తల తిప్పి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"చెమట పట్టేసింది మాస్టారూ."

"నాకు తెలుస్తూనే ఉంది," అన్నారు మాస్టారు. "ఎండ నీ వీపునే ఉంది. ఎత్తు."