బెండకాయ పూల దీపం

అనగా అనగా, రాణులు కాలినడకన వీధులు తిరిగే రోజుల్లో, రంగవరమని ఒక ఊరుండేది. కార్తీకంలో పిల్లలంతా రంగుతో పూల బొమ్మలు అద్దిన కాగితపు దీపాలు పట్టుకుని రాణిగారి వెంట ఊరేగడం అక్కడి ఆచారం. దీపం లేని పిల్ల గడపలోనే నిలబడాలి.

రామలచ్చి మనవరాలు పేరిందేవి నిరుడు అలాగే నిలబడి ఏడ్చింది. ఈ ఏడు ఏడవకూడదని ముసలమ్మ వర్తకుడు రత్నాకరుడి అంగడికి వెళ్లింది.

"చందనపు చెక్క అచ్చు లేనిదే పువ్వు పడదు అవ్వా!" అన్నాడతను. ఇత్తడి బిందె ఇచ్చి అచ్చు తెచ్చుకుంది.

"ఆ అచ్చుకి ద్వీపాంతరపు కాగితమే తగుతుంది," అన్నాడు మర్నాడు. మేకను ఇచ్చి కాగితం తెచ్చుకుంది.

"మరి అద్దడానికి యంత్రం వద్దూ? ఆవును తోలుకురా," అన్నాడు మూడోసారి.

ఎంత అన్యాయమో చూడండి! ఇంటికి పాలిచ్చే ఆవు! రామలచ్చికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాయనా, మొట్టమొదట పువ్వు అద్దిన మనిషికి ఎవడమ్మాడయ్యా యంత్రం?" అని, అచ్చూ కాగితమూ అతని ముందే పడేసి వచ్చేసింది.

ఇంట్లో ఏముంది? కూరకు తెచ్చిన బెండకాయలు. అడ్డంగా కోస్తే అయిదు రేకల పువ్వు! దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి అద్దింది. చెమ్మకు అలుక్కుపోయింది. ముక్కను గుడ్డమీద ఆరనిచ్చి మళ్లీ అద్దింది. మసి పల్చనై వెలవెలబోయింది. చిక్కగా కలిపి, కాగితం కింద మడతగుడ్డ పరిచి మూడోసారి అద్దింది. పువ్వు విచ్చినట్టు పడింది! పొట్లాలు కట్టిన కాగితం, కొబ్బరి ఈనెలు, అతికించడానికి గంజి. దీపం తయారైంది.

ఊరేగింపులో రత్నాకరుడు అడ్డం వచ్చాడు. "మహారాణీ! ఇది కూరగాయల దీపం. మన ఊరికే అప్రతిష్ఠ. ఈ పిల్లను వెనక్కి పంపండి!"

పేరిందేవి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రామలచ్చి ఊరుకుంటుందా?

"నా బిందె మింగావు, మేకను మింగావు. అచ్చూ యంత్రమూ నీ దగ్గరే ఉన్నాయిగా, నువ్వు అద్దిన దీపమేదయ్యా? చూపించు!"

వర్తకుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేను... అమ్మేవాణ్ణేగాని అద్దేవాణ్ణి కాను."

"అద్దడమే తెలియనివాడివి, ఏది లేకపోతే పువ్వు పడదో ఎలా చెప్పావు?" రాణి కళ్లెర్రజేసింది. "బిందే మేకా ఆమె ఇంటికి చేర్చు. పిల్లా, నువ్వు నా పక్కన నడువు."

కాబట్టి పిల్లలూ, చేతిలో ఉన్నదానితో పని మొదలుపెట్టండి. 'ఇది కొనందే నీకు రాదు' అని బెదిరించేవాణ్ణి, ముందు నువ్వు చేసి చూపించమని అడగండి.